అమెరికా ఓడరేవులకు క్రూయిజ్ ప్రయాణం: వీసా, ఎస్టా, ఇమ్మిగ్రేషన్ తనిఖీలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పోయిన వేసవిలో అమ్మానాన్నల్ని తీసుకుని అలాస్కా వెళ్దామని సియాటిల్ పోర్టులో లైన్లో నిలబడ్డాం. మా ముందున్నవాళ్లు గుంటూరు వైపు వాళ్లని మాటల్లోనే తెలిసిపోయింది. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లిద్దరు. పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో పదేళ్ల అమెరికా వీసా ఉంది. కౌంటర్లో అమ్మాయి పేజీలు అటూ ఇటూ తిప్పి, కెనడా వీసా ఏదని అడిగింది. అలాస్కా అమెరికాదే కదా, కెనడా వీసా ఎందుకని ఆ అబ్బాయి మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ ఓడ చివరి రోజు సాయంత్రం కొన్ని గంటలు విక్టోరియాలో ఆగుతుంది. విక్టోరియా కెనడాలో ఉంది. పెద్దవాళ్లని ఓడ ఎక్కనివ్వలేదు. పెద్దాయన సూట్‌కేసు మీద కూర్చుని "మీరు వెళ్లి రండి నాయనా, మేం హోటల్లో ఉంటాం" అన్నాడు. టికెట్లు బుక్ చేసిన ఏజెంటు ఆ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ ఇంట్లో ఆ రోజు అంత బాధ ఉండేది కాదు.

అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఎవరు క్రూయిజ్ అన్నా ముందు కాగితాల గురించే అడుగుతున్నాను. వాళ్లు తిరిగి నన్ను అడిగిన ప్రశ్నలే ఇవన్నీ. వీటన్నిటికీ మూలం ఒకటే: ఓడ వేరే దేశపు రేవును తాకిందంటే మీరు అమెరికా వదిలి వెళ్లినట్టే, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కొత్తగా ప్రవేశం అడుగుతున్నట్టే. నేను లాయర్ని కాను. కేసు చిక్కుగా ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఫీజులు కట్టే ముందు ప్రభుత్వ సైటులో మరోసారి సరిచూసుకోండి.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి క్రూయిజ్ కోసం విడిగా వీసా ఉంటుందా?

ఉండదు. విమానంలో వెళ్లే టూరిస్టుకి ఏ వీసానో ఓడలో వెళ్లేవాళ్లకీ అదే, బీ1/బీ2. డీఎస్-160 ఫారం నింపి, 185 డాలర్ల ఫీజు కట్టి, వేలిముద్రలిచ్చి, ఇంటర్వ్యూకి వెళ్లాలి. మన రెండు రాష్ట్రాల వాళ్లు ఎక్కువగా వెళ్లేది హైదరాబాద్ కాన్సులేట్‌కే. అది 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి మారింది. వేలిముద్రలు ఇవ్వడం కాన్సులేట్‌లో కాదు, విడిగా ఉన్న వీసా అప్లికేషన్ సెంటర్లో. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని ఒక చోటికి వెళ్లాల్సింది ఇంకో చోటికి వెళ్తున్నారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న అడ్రసు చూసుకుని బయల్దేరండి.

భారతీయులకి ఈ వీసా మామూలుగా పదేళ్లకి, ఎన్నిసార్లయినా వెళ్లొచ్చేలా ఇస్తారు. క్రూయిజ్‌కి ఈ 'ఎన్నిసార్లయినా' అన్నది చాలా ముఖ్యం. మయామీలో దిగి, అక్కడ ఓడెక్కి బహామాస్ వెళ్లి మయామీకే తిరిగొస్తే, అది రెండు ప్రవేశాల కింద లెక్క. వీసా మీద ఎంట్రీస్ అన్న చోట 'ఎం' అనే అక్షరం ఉందో లేదో చూసుకోండి.

మేం అమెరికా రేవులో దిగం, ఓడలోనే ఉండిపోతాం. అయినా వీసా కావాలా?

కావాలి. ఓడ బయటి దేశం నుంచి వచ్చి మొదటి అమెరికా రేవులో ఆగగానే లోపలున్న ప్రతి ప్రయాణికుడూ ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ ముందుకి రావాల్సిందే. ఊరు చూడటానికి దిగినా, కేబిన్‌లో పడుకున్నా తేడా లేదు. వీసా లేకుండా అమెరికా మీదుగా దాటిపోయే సౌకర్యం ఒకప్పుడు ఉండేది. దాన్ని 2003 ఆగస్టులో ఆపేశారు. అసలు వీసా లేకపోతే ఓడ కంపెనీయే ఎక్కించుకోదు. కాగితాల్లేనివాళ్లని తీసుకొస్తే జరిమానా పడేది కంపెనీకి. బోర్డింగ్ కౌంటర్లో వాళ్లు అంత గట్టిగా చూసేది అందుకే.

ఎస్టా అంటే ఏంటి? అది మనకి వర్తిస్తుందా?

వీసా మినహాయింపు ఉన్న దేశాల పౌరులు ఆన్‌లైన్‌లో తీసుకునే ముందస్తు అనుమతి ఎస్టా. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాలు ఆ జాబితాలో ఉన్నాయి. ఇండియా లేదు. కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టుతో ఎస్టా రాదు. బ్రిటిష్ లేదా ఆస్ట్రేలియన్ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి మాత్రం వస్తుంది.

ఫీజు 2025 సెప్టెంబరు 30న 21 డాలర్ల నుంచి 40 డాలర్లకి పెరిగింది. ఒకసారి ఇస్తే రెండేళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు ముగిసేదాకా, ఏది ముందైతే అది. ప్రయాణానికి కనీసం 72 గంటల ముందు అప్లై చేయమంటారు. నేనైతే క్రూయిజ్ బుక్ చేసిన రోజే చేయమంటాను. ఎందుకంటే ఎస్టా రాకపోతే మిగిలిన దారి వీసా ఒక్కటే, దానికి స్లాట్ వారంలో దొరకదు.

ఒక జాగ్రత్త. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే సైట్లు చాలావరకు ప్రైవేటువి. అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉంటాయి, రెండు మూడింతలు వసూలు చేస్తాయి. అసలు సైటు అడ్రసు 'డాట్ గవ్'తో ముగుస్తుంది.

నాకు లండన్‌లో శాశ్వత నివాసం ఉంది, లేదా టొరంటోలో పీఆర్ ఉంది. ఎస్టా చాలదా?

చాలదు. ఎస్టా పాస్‌పోర్టును బట్టి ఉంటుంది, మీరు ఎక్కడ నివాసం ఉంటున్నారన్న దాన్ని బట్టి కాదు. సౌతాంప్టన్‌లో ఓడెక్కి న్యూయార్క్ వెళ్లే కుటుంబంలో భర్తకి బ్రిటిష్ పాస్‌పోర్టు, భార్యకి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే, ఆయనకి ఎస్టా, ఆవిడకి బీ1/బీ2 వీసా. కెనడా పీఆర్ ఉన్నవాళ్లదీ ఇదే కథ. కెనడా పౌరసత్వం వచ్చేశాక టూరిస్టుగా వెళ్లడానికి మామూలుగా వీసా, ఎస్టా రెండూ అక్కర్లేదు.

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా ఎస్టా రాని సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, వాటిలో ఒకటి క్రూయిజ్ వాళ్లకి సూటిగా తగిలేదే. 2021 జనవరి 12 తర్వాత క్యూబాలో అడుగుపెట్టినవాళ్లు ఎస్టాకి అర్హులు కారు. యూరప్ నుంచి బయల్దేరే కరీబియన్ టూర్లలో హవానా ఉండొచ్చు. అక్కడ ఒక పూట తిరిగి ఫొటోలు దిగి వచ్చినందుకు తర్వాత ఎప్పుడు అమెరికా వెళ్లాలన్నా వీసా ఇంటర్వ్యూకి వెళ్లాలి.

అలాగే 2011 మార్చి 1 తర్వాత ఇరాన్, ఇరాక్, సిరియా, సూడాన్, లిబియా, సోమాలియా, యెమెన్, ఉత్తర కొరియా వెళ్లొచ్చినవాళ్లకీ రాదు. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ కంపెనీ పని మీద ఇరాక్ వెళ్లొచ్చి, ఆ తర్వాత బ్రిటన్‌లో స్థిరపడ్డ మనవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇది అమెరికాకి రావద్దనడం కాదు. వీసా తీసుకుని రమ్మనడమే. కానీ ఫారంలో దాచిపెడితే మాత్రం అది మీ మీద మచ్చగా మిగిలిపోతుంది.

ఎస్టా మీద వచ్చి మధ్యలో కరీబియన్ క్రూయిజ్‌కి వెళ్తే 90 రోజుల లెక్క మళ్లీ మొదలవుతుందా?

ఎస్టా మీద ఒకసారికి 90 రోజుల దాకానే ఉండనిస్తారు. ఆ లెక్క మామూలుగా మళ్లీ మొదలవదు. కెనడా, మెక్సికో, కరీబియన్ దీవుల్లో గడిపిన రోజులు కూడా ఆ 90లోనే కలుస్తాయి. ఏప్రిల్ 1న ఓర్లాండోలో దిగి, మేలో పది రోజులు క్రూయిజ్‌లో తిరిగొచ్చినా, మీ లెక్క ఏప్రిల్ 1 నుంచే.

అలాస్కాకి వెళ్లడానికి కెనడా వీసా ఎందుకు?

దీనికి కారణం 1886 నాటి ఒక చట్టం. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదు, మధ్యలో వేరే దేశపు రేవును తాకాలి. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టర్ అయినవే. అందుకే సియాటిల్‌లో మొదలై జూనో, స్కాగ్‌వే, కెచికాన్ తిరిగి సియాటిల్‌కే వచ్చే ఓడ కూడా విక్టోరియాలో ఆగుతుంది. చాలాసార్లు రాత్రి పూటే, భోజనం చేసి ఒక వీధి చూసి వచ్చేంత సేపు. కోవిడ్ సమయంలో కెనడా తన రేవులు మూసేస్తే అలాస్కా సీజన్ మొత్తం పోయేలా ఉందని 2021లో అమెరికా కాంగ్రెస్ తాత్కాలికంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఆ కొద్ది గంటలు అంత ముఖ్యం.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి కెనడా విజిటర్ వీసా కావాలి. ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. పేరెంట్స్ అప్పటికే అమెరికా వచ్చేసి ఉంటే ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో అప్లై చేసి, అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) వాళ్ల సపోర్ట్ సెంటర్లో వేలిముద్రలు ఇవ్వొచ్చు. తర్వాత పాస్‌పోర్టు పంపించి స్టాంప్ వేయించుకోవాలి. ఆ రోజుల్లో పాస్‌పోర్టు చేతిలో ఉండదని లెక్కలో పెట్టుకోండి. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి కెనడా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ దగ్గరుంటే చాలు.

వాంకూవర్‌లో ఓడెక్కితే అమెరికా తనిఖీ ఎక్కడ జరుగుతుంది?

వాంకూవర్‌లోనే. కెనడా ప్లేస్ టెర్మినల్‌లో అలాస్కా వెళ్లే ఓడలకి అమెరికా ఆఫీసర్లు అక్కడే కూర్చుని చూస్తారు. అక్కడ దాటితే కెచికాన్‌లో మళ్లీ ఇమ్మిగ్రేషన్ ఉండదు, ఓడ కార్డు చూపించి దిగిపోవడమే. ఆ హాల్లో మధ్యాహ్నం పూట లైన్ చాలా పొడుగ్గా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే వీల్‌చెయిర్ ముందే అడిగి పెట్టుకోండి.

నేను హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నాను. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయింది, కానీ ఐ-797 ఉంది. క్రూయిజ్‌కి వెళ్లొచ్చా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగింది ఇదే, జనం ఎక్కువ తప్పు చేస్తున్నదీ ఇక్కడే. ఐ-797 అంటే హెచ్1బీ ఆమోదించామని ఇచ్చే నోటీసు, అది అమెరికాలో ఉండటానికి అనుమతి. తిరిగి లోపలికి రావడానికి కావాల్సింది పాస్‌పోర్టులో చెల్లే వీసా.

దీనికి ఒక వెసులుబాటు ఉంది, ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. చెల్లే ఐ-94 (ఎప్పుడు ప్రవేశించారో, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉండి, 30 రోజుల లోపు కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్లొస్తే, గడువు తీరిన వీసాని ఆ ఒక్క ప్రవేశానికి చెల్లినట్టు చూస్తారు. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చి ఇక్కడే హెచ్1బీకి మారిన పిల్లలకి కూడా ఇది పనికొస్తుంది. అయితే హెచ్1బీ వాళ్లకి, వాళ్ల మీద ఆధారపడి హెచ్4 మీద ఉన్న భార్య/భర్త, పిల్లలకి ఇది కెనడా, మెక్సికోలకే పరిమితం. కరీబియన్ దీవులకి వర్తించదు.

ఇప్పుడు దీన్ని ఓడ మీద పెట్టి చూడండి. డాలస్, హ్యూస్టన్ మనవాళ్లకి దగ్గరి రేవు గాల్వెస్టన్. అక్కడి నుంచి కోజుమెల్ మాత్రమే వెళ్లొచ్చే ఓడ అయితే అది మెక్సికో, రీవాలిడేషన్ నడుస్తుంది. అదే ఓడ ఇంకో వారం కోజుమెల్‌తో పాటు హోండురస్‌లోని రోటాన్‌కో, జమైకాకో వెళ్తే నడవదు. లాస్ ఏంజెలెస్ నుంచి మెక్సికోలోని ఎన్సెనాడా ఫర్వాలేదు. మయామీ నుంచి బహామాస్ అయితే స్టాంపింగ్ లేని హెచ్1బీ వాళ్లు వెళ్లకూడదు.

ప్రైవేట్ ఐలాండ్ కదా, అక్కడ పాస్‌పోర్టే అడగరు కదా అనుకోవద్దు. కోకోకే బహామాస్‌లో ఉంది, లబాడీ హైతీలో ఉంది. అక్కడ ఎవరూ అడగకపోయినా, తిరిగొచ్చాక అమెరికా ఆఫీసర్ అడుగుతాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రీవాలిడేషన్ రూల్ కౌంటర్లో కూర్చున్న ఓడ కంపెనీ ఉద్యోగికి తెలియకపోవచ్చు. గడువు తీరిన వీసా చూసి వెనక్కి పంపేయొచ్చు. బుకింగ్‌కి ముందే కంపెనీకి మెయిల్ రాసి, వాళ్ల జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి. ఐ-94, ఐ-797 కాపీలు కూడా చేతిలో ఉండాలి. ఆ ట్రిప్పులో కొత్త వీసాకి అప్లై చేస్తే ఈ వెసులుబాటు పోతుంది, అదీ గుర్తుంచుకోండి.

మరి స్టాంపింగ్ లేనివాళ్లు టెన్షన్ లేకుండా వెళ్లే క్రూయిజ్ ఏదీ లేదా?

ఉంది. హవాయి దీవుల మధ్యే తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా. అది అమెరికా జెండా ఉన్న ఓడ, కాబట్టి ఆ 1886 చట్టం ప్రకారం విదేశీ రేవును తాకాల్సిన పని లేదు. హొనొలులూలో ఎక్కి వారం తిరిగి హొనొలులూలోనే దిగుతారు. దేశం దాటి వెళ్లడమే ఉండదు. ధర ఎక్కువే. అయినా స్టాంపింగ్ లేక ఏళ్ల తరబడి ఎటూ కదలలేని కుటుంబాలకి నేను ముందు చెప్పేది ఇదే.

ఎఫ్1 స్టూడెంట్స్ సంగతి?

ఎఫ్1, జే1 (ఎక్స్ఛేంజ్ వీసా) వాళ్లకి రీవాలిడేషన్ కొంచెం విశాలం. కెనడా, మెక్సికోలతో పాటు బహామాస్, జమైకా లాంటి పక్క దీవులకీ వర్తిస్తుంది, క్యూబాకి తప్ప. హోండురస్, బెలీజ్ ఆ జాబితాలోకి రావు. కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ట్రావెల్ సైన్ చదువుకునేవాళ్లకి ఏడాది లోపుది, చదువు తర్వాత ఓపీటీలో (తాత్కాలిక ఉద్యోగ అనుమతి) ఉన్నవాళ్లకి ఆరు నెలల లోపుది ఉండాలి. స్ప్రింగ్ బ్రేక్‌కి వారం ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో ఆ సంతకం కోసం పెద్ద క్యూ ఉంటుంది.

స్టేటస్ మార్పు అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. నాలుగు రోజుల బహామాస్ ట్రిప్పే కదా, వెళ్లొచ్చా?

వద్దు. హెచ్4 నుంచి ఎఫ్1కి, బీ2 నుంచి ఇంకో దానికి ఇలా స్టేటస్ మార్పు అడిగి, అది తేలకముందే దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. నాలుగు రోజులైనా, నాలుగు గంటలైనా ఒకటే.

గ్రీన్‌కార్డు ఆఖరి దశ దరఖాస్తు ఐ-485 పెండింగ్ ఉన్నవాళ్లు అడ్వాన్స్ పెరోల్ (బయటికి వెళ్లి తిరిగిరావడానికి ముందస్తు అనుమతి) లేకుండా వెళ్తే అదీ పోతుంది. హెచ్, ఎల్ వీసాల వాళ్లకి మాత్రం మినహాయింపు ఉంది, చెల్లే వీసా స్టాంపు ఉంటే. పదేళ్లకి పైగా ఎదురుచూసి ఫైల్ చేసిన ఐ-485ని ఒక వీకెండ్ ట్రిప్పు కోసం పణంగా పెట్టకండి. ఇలాంటి కేసులో లాయర్‌ని అడగకుండా టికెట్ కొనొద్దు.

పిల్లలు అమెరికాలో పుట్టారు. పాస్‌పోర్టు కావాలా, బర్త్ సర్టిఫికెట్ చాలా?

అమెరికా రేవులో బయల్దేరి అదే రేవుకి తిరిగొచ్చే క్రూయిజ్‌లలో, కరీబియన్, బహామాస్, మెక్సికో, కెనడా వైపు అయితే, అమెరికా పౌరులు పాస్‌పోర్టు లేకుండా కూడా తిరిగి రావచ్చు. 16 ఏళ్ల లోపు పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ చాలు. పెద్దవాళ్లయితే దానితో పాటు ప్రభుత్వం ఇచ్చిన ఫొటో ఐడీ.

అయినా పిల్లలకి పాస్‌పోర్టు తీయించమనే చెబుతాను. పిల్లాడికి జ్వరం ఎక్కువై మధ్య రేవులో దిగి విమానంలో రావాల్సి వస్తే బర్త్ సర్టిఫికెట్‌తో కుదరదు. పైగా ఆ దీవి దేశానికి సొంత నిబంధనలు వేరే ఉండొచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలతో వెళ్తుంటే రెండోవాళ్లు రాసిచ్చిన అనుమతి లేఖ ఉంచుకోండి.

అమ్మానాన్నలు బీ2 మీద వచ్చారు. క్రూయిజ్‌కి వెళ్లొస్తే మళ్లీ ఆరు నెలలు ఇస్తారా?

అది పెట్టుకుని ప్లాన్ చేయొద్దు. 30 రోజుల లోపు పక్క దేశాలకి వెళ్లొస్తే పాత ఐ-94 తేదీకే ఉంచొచ్చు, కొత్తది ఇవ్వనూ వచ్చు. ఆ నిర్ణయం ఆఫీసర్‌ది. గడువు పొడిగించుకోవడానికే క్రూయిజ్ ఎక్కారని అనుమానం వస్తే ప్రశ్నలు పెరుగుతాయి. తిరుగు టికెట్ తేదీని మొదటి ఐ-94 గడువు లోపే ఉంచండి.

ఓడ దిగిన రెండు మూడు రోజుల్లో ఐ-94 సైటులోకి వెళ్లి కొత్త రికార్డు ఏమైనా పడిందేమో, తేదీ ఎంత వరకు ఉందో చూడండి. హెచ్1బీ వాళ్లకి ఇది ఇంకా అవసరం. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ఆఫీసర్ ఐ-94ని కూడా అంతవరకే కుదించి ఇవ్వొచ్చు. ఐ-797లో ఇంకా రెండేళ్లు ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే, తెలియకుండానే స్టేటస్ దాటిపోతుంది.

వీసా పాత పాస్‌పోర్టులో ఉంది, కొత్త పాస్‌పోర్టు వచ్చింది. చెల్లుతుందా?

చెల్లుతుంది. రెండూ తీసుకెళ్లాలి. వీసా పేజీ చిరగకుండా, పాడవకుండా ఉండాలి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. బుకింగ్‌లో పేరు ఎలా రాయాలి?

మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇది మామూలే. 'వెంకట సుబ్బమ్మ' మొత్తం గివెన్ నేమ్‌లో ఉంటుంది, సర్‌నేమ్ ఖాళీ. అలాంటప్పుడు అమెరికా వీసా మీద ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. క్రూయిజ్ సైటు రెండు గడులూ నింపమంటుంది. సొంతంగా ఊహించి ఇంటిపేరు చేర్చకండి. కంపెనీకి ఫోన్ చేసి పాస్‌పోర్టు, వీసా ఎలా ఉన్నాయో చెప్పి, వాళ్లు చెప్పినట్టు రాయండి. ఓడ కంపెనీ ప్రయాణికుల జాబితాను ముందుగానే అమెరికా ప్రభుత్వానికి ఎలక్ట్రానిక్‌గా పంపాలి. అందులో పేరు ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటే ఆగిపోయేది మీరే.

తిరిగొచ్చిన రోజు పోర్టులో ఏం జరుగుతుంది?

ముందు రోజు రాత్రే మొదలవుతుంది. పెద్ద సూట్‌కేసులకి రంగు ట్యాగులు కట్టి కేబిన్ బయట పెట్టమంటారు. వాటిని సిబ్బంది తీసుకెళ్లిపోతారు, మళ్లీ కనపడేది తెల్లారాక కిందనే. ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది. మా అమ్మ అన్నీ సర్దేసి, పాస్‌పోర్టుల సంచి కూడా చీరల మధ్య భద్రంగా పెట్టి సూట్‌కేసు తాళం వేసింది. తలుపు బయట పెట్టబోతూ అనుమానం వచ్చి నాన్న అడిగారు కాబట్టి సరిపోయింది. పాస్‌పోర్టులు, బీపీ షుగర్ మాత్రలు, ఫోన్ ఛార్జర్ చేతి సంచిలోనే ఉండాలి.

పొద్దున ఆరేడు గంటలకల్లా ఓడ రేవుకి వస్తుంది. మీ ట్యాగు రంగో నంబరో పిలిచినప్పుడు దిగాలి. కింద హాల్లో కెమెరా ముందు నిలబడితే ముఖాన్ని పాస్‌పోర్టు, వీసా ఫొటోలతో పోల్చి చూస్తారు. అమెరికా పౌరులు చాలా రేవుల్లో అంతటితో బయటపడతారు. వీసా మీద ఉన్నవాళ్లు ఆఫీసర్ దగ్గరికి వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి, రెండు మూడు ప్రశ్నలుంటాయి: ఎక్కడికి వెళ్లొచ్చారు, ఇండియాకి ఎప్పుడు వెళ్తున్నారు, ఏమైనా తెచ్చారా. కుటుంబంలో కొందరికి అమెరికా పాస్‌పోర్టు, కొందరికి వీసా ఉంటే కలిసి వెళ్లొచ్చా అని అక్కడున్న సిబ్బందిని అడగండి, మామూలుగా ఒప్పుకుంటారు. ఆ రోజు విమానం మధ్యాహ్నం తర్వాతది పెట్టుకోండి.

పెద్దవాళ్ల వేలిముద్రలు మెషీన్‌లో పడకపోతే?

మా నాన్నకి అదే జరిగింది. నలభై ఏళ్లు మిరప చేలో పనిచేసిన చేతులవి, గీతలు అరిగిపోయాయి, చివర్లు పగుళ్లు. కుడిచేయి నాలుగు వేళ్లు పెడితే ఎర్ర లైటే. రెండోసారీ అంతే. నాన్న మొహం చిన్నబోయింది, తనేదో తప్పు చేసినట్టు. ఆఫీసర్ ఏమీ అనకుండా తడి టిష్యూ ఇచ్చి, తుడుచుకుని గట్టిగా అదమమని చేత్తో చూపించాడు. మూడోసారి పచ్చ లైటు వెలిగింది. ముందు రోజు రాత్రి, దిగే ముందు ఇంకోసారి చేతులకి కొంచెం క్రీమ్ రాసి తుడిస్తే మేలు. ముద్ర సరిగ్గా పడలేదని ఎవరినీ దొంగలా చూడరు, ఆ మాట పెద్దవాళ్లకి ముందే చెప్పండి.

పచ్చళ్లు, పొడులు, పండ్లు?

ఓడలో ఇచ్చిన యాపిల్ పండైనా సరే, అమెరికాలోకి తేకూడదు, తినేయండి లేదా అక్కడే వదిలేయండి. నాన్‌వెజ్ పచ్చళ్లు, గోంగూర మటన్ లాంటివి అసలే వద్దు. ఇండియా నుంచి బియ్యం తీసుకురావడం కూడా నిషేధమే, ఖాప్రా అనే పురుగు భయంతో. ఆవకాయ, కారప్పొడి లాంటివి ఉంటే ఉన్నాయని చెప్పండి. చెబితే, పనికిరానిదైతే తీసి పారేస్తారు, అంతే. చెప్పకుండా దొరికితే మొదటిసారికే వెయ్యి డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. ఓడ ఎక్కేటప్పుడు కూడా ఇంటి వంటలు చాలా కంపెనీలు ఒప్పుకోవు. నగదు పదివేల డాలర్లు దాటితే, అదీ కుటుంబం మొత్తానికి కలిపి, తప్పకుండా తెలియజేయాలి.

మధ్య రేవులో ఓడ తప్పిపోతే?

ముందు రేవులోని ఓడ కంపెనీ ఏజెంటును కలవండి, ఆయన నంబరు రోజూ ఇచ్చే కాగితంలో ఉంటుంది. పాస్‌పోర్టు కేబిన్‌లో ఉంటే పని కష్టమవుతుంది. పాస్‌పోర్టు, వీసా, ఐ-94 ఫొటోలు ఫోన్‌లోనూ, ఇంటి దగ్గరున్న ఒకరి వాట్సాప్‌లోనూ ఉంచండి. వీసా, పాస్‌పోర్టు రెండూ ఉంటేనే అక్కడి నుంచి విమానంలో అమెరికా రాగలరు.

ఓడలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఏ వీసా?

సీ1/డీ. టూరిస్టు వీసా మీద ఓడలో పనిచేయకూడదు. రేవులో దిగే అనుమతి సిబ్బందికి గరిష్ఠంగా 29 రోజులు. ఆ లోపు ఓడతో పాటు వెళ్లిపోవాలి. విశాఖ నుంచి వెళ్లే కుర్రాళ్లని టూరిస్టు వీసాతో పంపిస్తామనే ఏజెంట్లు ఉంటే, వాళ్లకి డబ్బు కట్టకండి.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. ఆఫీసర్ విడిగా లోపలికి తీసుకెళ్తే ఎలా?

సెకండరీ అని ఒక గది ఉంటుంది. పేరు కలవడం, ఐ-94 తేడా లాంటి చిన్న విషయాలకి కూడా పంపొచ్చు. అక్కడికి పంపితే అరెస్టు అయినట్టు కాదు. ఫోన్ వాడనివ్వరు, కొంతసేపు కూర్చోవాలి. తెలుగులో మాట్లాడే దుబాసీ కావాలని అడగొచ్చు, ఫోన్ మీద ఏర్పాటు చేస్తారు. తెలియని ప్రశ్నకి తలూపి ఎస్ అనకూడదని మాత్రం అమ్మకి గట్టిగా చెప్పండి.

మా అమ్మ పర్సులో నేను ఒక కాగితం పెట్టాను. ఇంగ్లిష్‌లో, పెద్ద అక్షరాలతో: నా పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, మేం వెళ్లొచ్చిన ఓడ పేరు, ఇండియాకి తిరుగు విమానం తేదీ, వాడుతున్న మందులు, చివర్లో 'నేను తెలుగు మాట్లాడతాను' అని ఒక లైను. సియాటిల్‌లో ఆఫీసర్ అడగకముందే అమ్మ ఆ కాగితం తీసి ఇచ్చింది. ఆయన చదివి, మడతపెట్టి తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.